ముందు ప్రోబ్ సంగతి చూడండి

ఓసిలోస్కోప్ ఆన్ చేయగానే నేను సర్క్యూట్ జోలికి పోను. ముందు ప్రోబ్ మొనను స్కోప్‌కే ముందువైపున్న చిన్న కొక్కేనికి తగిలిస్తాను. స్కోప్ సొంతంగా తయారుచేసే స్క్వేర్ వేవ్ అక్కడ దొరుకుతుంది, మామూలుగా 1 కిలోహెర్ట్జ్. తెర మీద దాని మూలలు పలకగా ఉంటే సరే. లేదంటే ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ప్రోబ్‌లోని ట్రిమ్మర్‌ను కొద్దికొద్దిగా తిప్పుతాను. ఇనుపదైతే తాకినప్పుడు ఒక ఆకారం, తీసేశాక మరొకటి. ఇదంతా అరనిమిషం పని. చూసే కుర్రాళ్లకు మాత్రం చాదస్తం.

చాదస్తం కాదు. 10ఎక్స్ ప్రోబ్‌లో సాధారణంగా 9 మెగాఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. స్కోప్ ఇన్‌పుట్‌ది 1 మెగాఓమ్. రెండూ కలిసి వోల్టేజిని పదో వంతుకు దించుతాయి. అయితే స్కోప్ ఇన్‌పుట్‌కు పది, ఇరవై పీకోఫారడ్ల కెపాసిటెన్స్ కూడా ఉంది. కేబుల్‌ది అదనం. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వోల్టేజిని పంచే పని రెసిస్టర్ల చేతిలోంచి కెపాసిటెన్సుల చేతికి పోతుంది. ఆ పంపకమూ పదో వంతుగానే ఉండాలంటే, రెండు వైపులా రెసిస్టెన్స్‌ను కెపాసిటెన్స్‌తో గుణిస్తే ఒకే విలువ రావాలి. కెపాసిటెన్స్‌ను సర్దే ట్రిమ్మర్ ఉన్నది అందుకే. సర్దుబాటు చాలకపోతే మూలలు గుండ్రబడతాయి, ఎక్కువైతే కొమ్ములొస్తాయి.

సైన్ వేవ్‌తో ఈ లోపం పట్టుబడదు. ఆకారం చక్కగానే ఉంటుంది, ఎత్తు ఒక్కటే తప్పు. స్క్వేర్ వేవ్‌లో ఎన్నో హార్మోనిక్స్ కలిసి ఉంటాయి కాబట్టి, వాటిలో కొన్ని తగ్గినా హెచ్చినా ఆకారమే చెడి బయటపెడుతుంది. పైగా అది ఎలా ఉండాలో మనకు ముందే తెలుసు. సరుకు వేయకముందు ఖాళీ తక్కెడ ఎత్తి పాసంగం చూసే కొట్టువాడి తెలివి ఇదే.

చూడకపోతే ఏమవుతుంది? ప్రోబ్ తెచ్చిన కొమ్మును సర్క్యూట్ తప్పనుకుని బాగున్న బోర్డుకు కెపాసిటర్లు అతికిస్తాం. నిజంగా ఉన్న కొమ్మును ప్రోబ్ అరగదీస్తే, పాడైన బోర్డును బాగుందని పంపేస్తాం. రెండోది మరీ ప్రమాదం. ఒకసారి సర్దితే చాలనుకోవడమూ పొరపాటే. స్కోప్ మారితే, చానెల్ మారినా సరే, ఇన్‌పుట్ కెపాసిటెన్స్‌లో తేడా రావచ్చు. మళ్లీ చూసుకోవాల్సిందే.

మన ఇంజనీరింగ్ ల్యాబుల్లో పిల్లలు సీఆర్ఓ (ఓసిలోస్కోప్) తెర చూసి వేవ్‌ఫారం రికార్డులోకి ఎక్కించి సంతకం పెట్టించుకుంటారు. లెక్చరర్లకు ఒక విన్నపం: ఆ సంతకం పెట్టేముందు, ప్రోబ్ సర్దిన స్క్వేర్ వేవ్ ఏదని అడగండి. వైవాలో పది ఫార్ములాలు అడగడం కంటే ఈ ఒక్క ప్రశ్న ఎక్కువ నేర్పుతుంది.