పోరాడువారి ధ్యానము

గోదావరిఖని బొగ్గుగనులలో కార్మికసంఘపు పిట్ సెక్రటరీగా నున్నవాడు ఒక్క దినమున ఎన్ని దుఃఖములను మోయునో గనిముఖము చూడనివారు ఊహింపజాలరు. మస్టరు (హాజరు) పోయిన కార్మికుని గోడు వినవలెను. రూఫు కూలి మరణించినవాని యింటికి పోయి, ఏడ్చుచున్న ఇల్లాలిచేత డిపెండెంటు ఉద్యోగపు దరఖాస్తుపై సంతకము పెట్టింపవలెను. ఓపెన్‌కాస్టు గని క్రింద ఊరు పోయినవారి పక్షమున అధికారులతో వాదింపవలెను. ఇంతయు చేసి ఇల్లు చేరిన పిమ్మట నిద్ర పట్టదు. 2003 జూన్ 16న ఇచ్చటి 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకొనిపడి 17 మంది అసువులు బాసిరి. పోయినవారి కుటుంబములకు పరిహారము లెక్కకట్టు పద్ధతి కలదు గాని, ఆ శవయాత్రలలో ముందు నడిచినవారి మనస్సు ఏమాయెనని అడుగు అలవాటు మనకు లేదు. ఈ లోటు తీర్చగల విద్య ధ్యానమని నా దృఢవిశ్వాసము.

ఈ విద్య మన నేలకు క్రొత్తది కాదు. పెద్దపల్లికి చేరువనే ధూళికట్టలో క్రీస్తుపూర్వపు బౌద్ధస్తూపము బయల్పడినది. ధ్యానస్థుడైన బుద్ధునికి గాలివానలో పడగ పట్టిన ముచిలిందనాగుని శిల్పము అచ్చట దొరకినది. అంటరానితనముపై కత్తిగట్టిన భాగ్యరెడ్డివర్మ 1913లోనే హైదరాబాదున బుద్ధజయంతి జరిపెను. 1956 అక్టోబరు 14న నాగపురమున బౌద్ధదీక్షవేళ అంబేద్కరు మహాశయుడు చేయించిన 22 ప్రతిజ్ఞలలో అష్టాంగమార్గమును ఆచరింతునను ప్రతిజ్ఞయు నొకటి. ఆ మార్గమున ఎనిమిదవ అంగము సమ్యక్సమాధియే గదా! ధ్యానము పోరాటమునకు పరాయిదనువారు ఈ సంగతి మఱచుచున్నారు.

ఇక విపశ్యనయను బౌద్ధధ్యానపద్ధతిని నేర్పిన ఆచార్యుల ఘనత ఏమని చెప్పుదును? సయా తెజీ బర్మాలో పొలము దున్నుకొను రైతు. ఆయన శిష్యుడు ఊ బా ఖిన్ గుమాస్తాగా చేరి, బర్మా స్వతంత్రమైన 1948లో అకౌంటెంటు జనరల్ అయి, ఆ కార్యాలయమందే ఉద్యోగులకు ధ్యానము నేర్పిన మహనీయుడు. తలనొప్పి బాధతో 1955లో ఆయనను చేరిన వర్తకుడు సత్యనారాయణ గోయంకా, పదునాలుగేండ్లు నేర్చి, 1969లో ఆ విద్యను భారతదేశమునకు మరల తెచ్చెను. 1975లో జయపుర కారాగారమున బందీలకు నేర్పెను. 1994లో తిహారు చెరసాలలో వేయికి మించిన ఖైదీలను ఒక్కసారిగా ధ్యానమున కూర్చుండబెట్టెను. మన హైదరాబాదులో నాగార్జునసాగరు దారిన ధమ్మఖేత్త కేంద్రము 1976లో వెలసినది. కాషాయము కట్టని ఈ గృహస్థులు చేసినపని ఎందఱు పీఠాధిపతులు చేసిరి?

పద్ధతి చూడుడు, ఎంత పకడ్బందీయో! శిక్షణ పదిదినములు. తెల్లవాఱుజామున నాలుగింటికి లేవవలెను; తొమ్మిది దినములు మౌనము. మొదటి మూడుదినములు ఆనాపానము: ముక్కుపుటముల చెంత వచ్చుచు పోవుచునున్న సహజశ్వాసను గమనించుటయే పని, మంత్రము లేదు, మూర్తి లేదు. నాలుగవనాడు విపశ్యన యారంభమగును. గని సర్దారు కఱ్ఱతో రూఫును జానెడు జానెడు తట్టి, మ్రోతను బట్టి ఎచ్చట బోలుగా నున్నదో కనిపెట్టునట్లు, సాధకుడు నడినెత్తి మొదలు అరికాలి వఱకు దేహమును అంగాంగమును పరిశీలించును. నొప్పియో, మంటయో, పులకరింతయో కనబడును. దానిని తోలివేయరాదు, కౌగిలింపరాదు. పుట్టి గిట్టుచున్నదని ఎఱుగవలెను. అటుపిమ్మట దినమునకు మూడుమార్లు, గంటసేపు, కాలు చేయి కదలింపని అధిష్ఠానము. పదవనాడు మౌనము విడిచి, సకలప్రాణులయెడ మైత్రి నేర్పుదురు.

కార్యకర్తకు దీని ఫలమేమందురా? అవమానము జరిగిన క్షణమున ఱొమ్మున పుట్టు మంటను మంటగా గుర్తించినవాడు ఆ మంట చెప్పినట్లు మాటాడడు; ఏమి మాటాడవలెనో తానే నిర్ణయించును. చర్చలబల్ల చెంత ఆ నిర్ణయశక్తి నూఱు నినాదముల పెట్టు. వియత్నాములో బాంబుల నడుమ గ్రామసేవ చేయు యువకులను తీర్చిదిద్దిన తిచ్ నాట్ హాన్ భిక్షువు, ప్రవాసములో నుండి 1974లో ఆ యువకుల సేవాపాఠశాలలోని కార్యకర్తకు వ్రాసిన సుదీర్ఘలేఖయే పిదప జగత్ప్రసిద్ధమైన ధ్యానగ్రంథమైనది. మార్టిన్ లూథర్ కింగు 1967లో ఆ భిక్షువునకే నోబెలు శాంతిబహుమానమిండని కోరెను. అయితే తీవ్రమనోవ్యాధి కలవారు మాత్రము ముందు వైద్యుని చూడవలెను. ఈ విద్య మందులకు బదులు కాదు.

అట్టి విద్యకు నేడు పట్టిన దుర్గతి చూడ కడుపు రగులుచున్నది. గోయంకా సంప్రదాయమున రుసుము లేదు, ఆచార్యునికి జీతము లేదు. శిక్షణ ముగించినవాడే తోచినది దానమిచ్చును. నకిలీలో? రెండుగంటల ఒత్తిడి నివారణ తరగతికి వేలరూపాయలు. ఫోనులో నెలచందా కట్టినచో మంద్రసంగీతముతో శాంతి! అంతకన్న ఘోరము మఱియొకటి కలదు. యాజమాన్యమువారు రూఫుబోల్టు వేయవలసినచోట ఉపన్యాసము వేయుదురు; కనీసవేతనమడిగిన కాంట్రాక్టు కార్మికుని ఊపిరి గమనింపుమందురు. అన్యాయమును సహించుటకు మప్పెడి ధ్యానము మత్తుమందు. దానిని ధ్యానమని పిలుచుట బుద్ధునికే ద్రోహము. విపశ్యన నేర్పు సమత యనగా అన్యాయమును చూచి మిన్నకుండుట కాదు, ద్వేషమునకు లొంగక దానిని ఎదిరించుట.

కావున సంఘనాయకులారా, అన్నలారా, అక్కలారా! మీ కార్యాలయమున జెండా క్రింద వారమునకొక గంట తలుపులు మూసి, ఎఱిగినవారితో కలిసి ధ్యానమున కూర్చుండుడు. ఏడాదికొకమారు కార్యకర్తలను పదిదినముల శిక్షణకు, రాకపోకల ఖర్చు సంఘమే భరించి, పంపుడు. ఈ విద్యను యాజమాన్యముల చేతికి, అంగళ్ల చేతికి విడువకుడు. సమ్మెకు నిధి కూడబెట్టుట మీకు తెలియును. మనోబలమునకును అట్లే నిధి కూర్పుడు.