ఎవరి గొంతు, ఎవరి చెవి? – నల్లజాతి ట్రాన్స్‌జెండర్ స్త్రీల గురించిన మూడు డాక్యుమెంటరీలు

‘గొంతు లేనివారికి గొంతునిచ్చిన చిత్రం’ అనే మాట డాక్యుమెంటరీల సమీక్షల్లో తరచు కనబడుతుంది. దీన్ని మేము అంగీకరించలేం. గొంతు లేని మనుషులు లేరు, వినిపించుకోని శ్రోతలే ఉన్నారు. ఒక వాక్యాన్ని పరిశీలించేటప్పుడు ఎవరు చెప్పారన్నదానితోపాటు ఎవరిని ఉద్దేశించి చెప్పారన్నది కూడా చూడాలని భాషాశాస్త్రం నేర్పుతుంది. అమెరికాలోని నల్లజాతి ట్రాన్స్‌జెండర్ స్త్రీలు మాట్లాడే మూడు చిత్రాలను ఈ దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటిది ‘పారిస్ ఈజ్ బర్నింగ్’ (1990). న్యూయార్క్‌లో నల్లజాతి, లాటినో యువత జరుపుకొనే ‘బాల్’ పోటీలను జెన్నీ లివింగ్‌స్టన్ 1980ల రెండో భాగంలో చిత్రీకరించారు. కన్నవారు కాదన్న పిల్లలు ఇక్కడ ‘హౌస్’లుగా కూడుకొంటారు. ప్రతి హౌస్‌కూ ఒక ‘మదర్’ ఉంటుంది. మోడల్ కావాలని కలలుగనే ఆక్టేవియా సెయింట్ లారెంట్ మాటలు ఈ చిత్రానికి ప్రాణం. అయితే చిత్రం కట్టుబడిని గమనించండి. ‘రీడింగ్’, ‘షేడ్’ వంటి పదం నిఘంటువులోని ఆరోపంలాగా తెరమీద కనబడుతుంది. ఆ వెంటనే ఎవరో దాని అర్థం వివరిస్తారు. బాల్‌కు వచ్చేవారికి ఆ వివరణ అక్కర్లేదు. అది బయటివారి కోసం. ఇతర భాషల నడుమ పెరిగిన మీకు ఈ స్థితి కొత్త కాదు. ఇంటిమాటకు పదేపదే అర్థం చెప్పవలసి వచ్చినవారు సంభాషణలో భాగస్వాములు కారు, సమాచారం ఇచ్చేవారుగానే మిగులుతారు.

బెల్ హుక్స్ 1992లో వచ్చిన ‘బ్లాక్ లుక్స్’ గ్రంథంలో ఈ చిత్రాన్ని తీవ్రంగా విమర్శించారు. శ్వేతజాతికి చెందిన దర్శకత్వం తెరవెనుక కనబడకుండా ఉండి, నల్లవారి ఆచారాన్ని వేడుకగా మార్చిందన్నది ఆమె వాదం. చిత్రం విజయవంతమయ్యాక అందులో కనబడినవారిలో కొందరు తమ వాటా అడిగారు. చివరకు 13 మందికి కలిపి సుమారు 55,000 డాలర్లు దక్కాయి. ఇన్ని లోపాలున్నా ఈ చిత్రాన్ని తోసిపుచ్చలేం. అది లేకపోతే ఆక్టేవియా మాట్లాడిన తీరు, ఆమె నవ్వు, ఆమె ఆశ ఈనాడు మనకు ఇంత దగ్గరగా అందేవి కావు. 2016లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండారం దీన్ని భద్రపరచదగిన చిత్రాల్లో చేర్చింది.

రెండోది ‘ద స్ట్రోల్’ (2023). మాన్‌హాటన్‌లో మాంసం వ్యాపారానికి పేరుపడిన పేటలో ట్రాన్స్‌జెండర్ స్త్రీలు సెక్స్ వర్క్ చేసి బతికిన వీధుల చరిత్ర ఇది. జాకరీ డ్రకర్‌తో కలిసి దీన్ని తీసిన క్రిస్టెన్ లవెల్ ఒకప్పుడు ఆ వీధుల్లో పనిచేసిన నల్లజాతి స్త్రీ. కనుక ఆమె ఎదుట కూర్చున్నవారు సాక్ష్యం చెప్పడం లేదు, పాత స్నేహితురాలితో జ్ఞాపకాలు పంచుకొంటున్నారు. పోలీసుల వేధింపులు, పేట ఖరీదైన ప్రాంతంగా మారిన తీరు ఆ ముచ్చట్లలోంచే తెలుస్తాయి.

మూడోది ‘కొకోమో సిటీ’ (2023). సంగీతరంగంలో పేరు తెచ్చుకొన్న డి. స్మిత్ ట్రాన్స్‌జెండర్ స్త్రీగా జీవించడం మొదలుపెట్టాక అవకాశాలు కోల్పోయారు. దర్శకత్వం, ఛాయాగ్రహణం, కూర్పు ఆమె తానే చేసుకొన్నారు. న్యూయార్క్, అట్లాంటాలకు చెందిన నలుగురు నల్లజాతి సెక్స్ వర్కర్లు ఈ నలుపు-తెలుపు చిత్రంలో తమ ఇళ్లలో, తీరికగా మాట్లాడతారు. లియా మిచెల్ ఒక విటుడి తుపాకీ సంగతి నవ్విస్తూ చెబుతుంటే మనకు నవ్వు, భయం ఒక్కసారే కలుగుతాయి. డానియెలా కార్టర్ తన జాతివారినే నిలదీస్తుంది. ఇక్కడ ఏ పదానికీ అర్థం చెప్పరు. అర్థం కానివాడే తెలుసుకోవాలి. ఈ మర్యాద పాత చిత్రంలో లేదు.

లోపాలు లేవనము. ఒక మాట మనసులోకి దిగకముందే నటించి చూపిన దృశ్యమో, సంగీతమో అడ్డొస్తుంది. అంతకంటే పెద్ద ప్రశ్న మరొకటుంది. ఈ నలుగురిలో ఒకరైన కోకో డా డాల్ 2023 ఏప్రిల్ 18న అట్లాంటాలో తుపాకీ కాల్పులకు బలి అయ్యారు. జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో చిత్రానికి బహుమతులొచ్చాయి. జులైలో అది థియేటర్లకు చేరేనాటికి ఆమె లేరు. చక్కగా వినిపించినంత మాత్రాన గొంతుకు రక్షణ దొరకదు. దీన్ని చిత్రం తప్పుగా మేము భావించం. కాని ‘ఈ చిత్రం వారి జీవితాలను మార్చింది’ అని రాయబోయే సమీక్షకుడి కలం ఇక్కడ ఆగాలి.

ఈ చిత్రాలను తెలుగులో చెప్పేవారికి ఒక సమస్య ఎదురవుతుంది. తమిళంలో ‘వందాళ్’, కన్నడంలో ‘బందళు’ అంటే వచ్చినది స్త్రీ అని క్రియే చెబుతుంది. తెలుగులో ‘వచ్చింది’ అనే రూపం స్త్రీకీ, పశువుకూ, బస్సుకూ ఒక్కటే. గౌరవం కోసం ‘వచ్చారు’ అంటే స్త్రీపురుష భేదమే మరుగున పడుతుంది. ‘ఆమె’ అనే సర్వనామం ఒక్కటే ఆ భారం మోస్తుంది. కనుక క్రియలో బహువచనం ఉన్నా, వాక్యంలో ‘ఆమె’ ఉండి తీరాలి. అదే విధంగా, తెరమీద ఎవరైనా అవమానించాలనే పురుషవాచకం వాడితే అనువాదంలో ‘వాడు’ అనే ఉంచాలి. దాన్ని మెత్తబరిస్తే దెబ్బ తిన్నవారి అనుభవాన్ని దాచినవాళ్లమవుతాం. ఎ. రేవతి స్వీయచరిత్రను తెలుగులోకి తెచ్చిన పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’ మనకు దగ్గరి ఉదాహరణ. ఈ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. దాన్ని ఈ చిత్రాల పక్కన పెట్టి చదవండి. అయితే హిజ్రా సంప్రదాయం వేరు, అమెరికా నల్లజాతి చరిత్ర వేరు. పోలిక చూడండి గాని రెంటినీ ఒకటి చేయకండి.

డాక్యుమెంటరీని అంచనా వేయడానికి మేము మూడు ప్రశ్నలు సూచిస్తాం. మాట్లాడే మనిషి ఎవరివైపు చూసి మాట్లాడుతోంది? ఆమె మాటకు అర్థం చెప్పే అధికారం ఎవరిది? చిత్రానికి వచ్చిన పేరులో, డబ్బులో ఆమెకు దక్కినదెంత? శిల్పం గురించిన చర్చ వీటి తరువాతే.