‘బ్లాక్ బ్యూటీ’లో శోథ: గుర్రం చెప్పిన జబ్బు, మనుషులు మోపిన నేరం

ఆనా స్యూయెల్ రచించిన ‘బ్లాక్ బ్యూటీ’ (1877) ఒక గుర్రం ఆత్మకథగా సాగే నవల. జంతుకరుణను ప్రబోధించిన రచనగానే దీన్ని సాధారణంగా చదువుతారు. ఇందులోని రోగవర్ణనను పరిశీలిస్తే ఆ కరుణకు గల పరిమితి కూడా తెలుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పద్ధెనిమిదో అధ్యాయంలో యజమానురాలికి ప్రాణాపాయం ఏర్పడుతుంది. అశ్వపాలకుడు జాన్ రాత్రివేళ బ్యూటీని ఎనిమిది మైళ్లు దౌడు తీయించి డాక్టరు ఇంటికి చేరుకొంటాడు. డాక్టరు గుర్రం అలసి ఉన్నందున తిరుగుదారిలో ఆయననూ బ్యూటీయే మోయవలసి వస్తుంది. ఆయన జాన్ కన్నా బరువైనవాడు. స్వారీలో అంత నేర్పరి కాడు. చెమటతో తడిసి వచ్చిన గుర్రానికి బాలుడైన జో దుప్పటి కప్పడు, చన్నీళ్లు తాగిస్తాడు. కొంతసేపటికే వణుకు, ఒళ్లునొప్పులు, ఊపిరితిత్తులలో శోథ. తరువాతి అధ్యాయంలో జాన్ ఆగ్రహమంతా జో అజ్ఞానం మీదికే మళ్లుతుంది.

ఇక్కడ పదచర్చ అవసరం. తెలుగులో ‘వాపు’ కంటికి కనిపించేది, ‘మంట’ ఒంటికి తెలిసేది; ఊపిరితిత్తుల విషయంలో రెండూ చాలవు. అందుకే ‘శోథ’ను గ్రహించాను. స్యూయెల్ కథనంలో శోథ బయటినుంచి వచ్చి మీదపడే శత్రువు. 1882లో మెచ్నికోఫ్ నక్షత్రచేప డింభకాలలో భక్షకకణాల చర్యను గమనించిన తరువాత, శోథను శరీరపు రక్షణచర్యగా చూసే దృష్టి బలపడింది. నవల అంతకు ఐదేళ్లు ముందుది. కనుక నేటి శాస్త్రంతో రచయిత్రిని తప్పుపట్టడం విమర్శ కాజాలదు.

అయినా నేటి అవగాహన ఒక ప్రశ్నకు తావిస్తుంది. తీవ్రశ్రమ తరువాత గుర్రం ఊపిరితిత్తులలోని భక్షకకణాల శక్తి కొంతకాలం తగ్గుతుంది. ఆ సమయంలో గొంతులోని బాక్టీరియా లోపలికి చేరి వృద్ధిచెందితే తెల్లరక్తకణాలు అక్కడ గుమికూడి శోథ తీవ్రమవుతుంది. ఈ దృష్టితో చూస్తే చన్నీళ్ల కన్నా పదహారు మైళ్ల పరుగే అనుమానించదగిన కారణం. కల్పితపాత్రకు రోగనిర్ధారణ చేయడం మన పని కాదు. నేరం ఎవరిమీద మోపబడిందో గమనించడమే మన పని. పరుగు యజమాని అవసరం, అది శ్లాఘనీయమైంది. చన్నీళ్లు సేవకబాలుని పొరపాటు, అది దండనీయమైంది.

చికిత్సాఘట్టాలు ఈ అసమానతను మరింత స్పష్టం చేస్తాయి. పశువైద్యుడు రక్తం తీసినప్పుడు బ్యూటీ చచ్చిపోతాననుకొంటుంది. రూబెన్ స్మిత్ తాగిన మత్తులో నాడా ఊడిన గుర్రాన్ని పరుగెత్తించగా మోకాళ్లు చితికిపోతాయి. ఆ గాయాలు మానాక వాటిపై బొబ్బలెక్కించే మందు పూస్తారు. మనుషులు బుద్ధిపూర్వకంగా కలిగించిన శోథ అది. దానికేదో కారణం ఉండే ఉంటుందని గుర్రం సరిపెట్టుకొంటుంది. జో అజ్ఞానానికి ఒక అధ్యాయమే కేటాయించిన నవల, ఈ విజ్ఞుల చర్యను ఒక్కమాటతో దాటవేస్తుంది.

బాధను చెప్పగలిగిన ఈ కథకునికి బాధకు కారణాన్ని నిర్ణయించే అధికారం లేదు. అది మనుషుల చేతిలోనే ఉంది. జో తనకు తెలిసినంతలో మేలే చేశాడని గుర్రం ఒప్పుకొన్నా, తీర్పు మారదు. గుర్రానికి గొంతునిచ్చిన నవల ఆ గొంతుకు సాక్షిస్థానం మాత్రమే ఇచ్చింది. మూగజీవుల కథలను కరుణరసదృష్టితో చదివే మనం, వాటిలో కారణం చెప్పే హక్కు ఎవరిదో కూడా విచారించవలసి ఉంది.