దిగుగాలియు విధివ్రాతయు

ప్రజానాయకుడెవరైన ఆకస్మికముగా మరణించినచో మన భాషలో వెలువడు రచనలకు రెండే త్రోవలు కనబడుచున్నవి. మొదటిది విధి, రెండవది కుట్ర. మొదటిది కన్నీరు తెప్పించును; రెండవది కోపము రేపును. బుద్ధికి మాత్రము రెండును పని కల్పింపవు. 2009 సెప్టెంబరు 2వ తేదీన నాటి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు మరణించిన నల్లమల హెలికాప్టరు ప్రమాదమును గూర్చిన రచనలే దీనికి తార్కాణము. వానిలో మేము చదివినంతవరకు మిక్కిలి సత్యమైన వచనము కవులది కాదు, పత్రికారచయితలది కాదు. విచారణ సంఘమువారి నివేదికది. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చును. అయినను కారణము చెప్పెదము.

ఆనాటి ఉదయము బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరులో ముఖ్యమంత్రితో కలిపి అయిదుగురుండిరి. గంట గడవకమునుపే అది పావురాలగుట్టవద్ద కూలెను. మరునాటివరకు జాడ తెలియలేదు. విలాపరచనలు వెల్లువలై వచ్చినవి. మృత్యువు పిలిచినదనియు, నొసటి వ్రాత తప్పదనియు వానిలో పలుమారు చదివితిమి. 2010 జనవరిలో ఆధారము చూపని కుట్రకథ యొకటి కొన్ని టెలివిజన్ చానళ్లలో ప్రసారము కాగా, ఒక వాణిజ్యసంస్థ దుకాణములపై రాష్ట్రమున పలుచోట్ల దాడులు జరిగినవి. చెడ్డ కథనము రసభంగముతో ఆగదు. రాళ్లుగా మారి పరుల అద్దములు పగులగొట్టును.

ఇక ఆర్.కె. త్యాగిగారి అధ్యక్షతన నడచిన విచారణ తేల్చినదేమి? యంత్రశక్తిని రెక్కలకు చేర్చు భాగమునందలి కందెన నూనెలో ఏదో దోషము కలదని సూచన కనబడగా, నివారణోపాయమును గ్రంథమున వెదకుటలో పైలట్లు ఆరు నిమిషములకు పైగా లగ్నమైరి. ఆ దోషము నిజమునకు స్వల్పమైనది. ఈలోపల హెలికాప్టరు దుర్వాతావరణమున ప్రవేశించి, తీవ్రముగా క్రిందికి దిగు గాలిలో చిక్కి, అదుపు తప్పి కూలెను. ఇందు యముడు లేడు, హంతకుడు లేడు. చిన్న ఆపదను చూచుచు పెద్ద ఆపదను చూడకపోయిన మానవుడున్నాడు. గృహస్థులకు ఇంతకంటె పరిచితమైన విషాదము వేరొకటి కలదా?

ఆ గాలి యెట్టిదో తెలియనిదే ఈ కథ అర్థము కాదు. చల్లపల్లివంటి సమతలమున నివసించు మనకు గాలి యనగా అడ్డముగా వీచునదే. పైరగాలి యట్టిది, పడమటిగాలి యట్టిది. 1977 నవంబరు 19న దివిసీమపైకి ఉప్పెనను తోలిన గాలియు అట్టిదే. నిలువున దిగు గాలికి మన వాడుకలో పేరు వినబడదు గనుక దిగుగాలి యందము. కారుమేఘము వర్షించునపుడు చల్లబడిన గాలి బరువెక్కి క్రిందికి పడును. బలమైన గాలి కొండశిఖరమును దాటి ఆవలివాలున జారునపుడును అట్లే దిగును. గంటకు మూడు మైళ్లు పోగల పడవ, నాలుగు మైళ్ల వేగముగల ప్రవాహమునకు ఎదురైనచో, ఎంత తెడ్డు వేసినను వెనుకకే పోవును గదా. సెకనుకు 10 అడుగులు ఎక్కగల చిన్న విమానము, సెకనుకు 20 అడుగులు దిగు గాలిలో చిక్కినచో నిమిషమునకు 600 అడుగులు క్రుంగును. అందుకు యంత్రము చెడనక్కరలేదు. కనుకనే కొండలపై ఎగురువారు శిఖరమునకు మిక్కిలి ఎత్తున నుండి, దానిని ఏటవాలుగా సమీపించి, వెనుకకు మరలు త్రోవను ఎల్లప్పుడు చేతనుంచుకొందురు.

ఈ గాలిని సాహిత్యమునకు తెచ్చిన వారిలో ఫ్రెంచి వైమానికుడు సేంత్ ఎగ్జుపెరీ ముఖ్యుడు. యంత్రము చక్కగా తిరుగుచుండగనే విమానము క్రుంగిపోవు వింతభయమును ఆయన 1939 నాటి ‘మానవుల భూమి’ యను గ్రంథమున వర్ణించెను. ఆయన మిత్రుడు గియోమే 1930 జూన్‌లో ఆండీస్ పర్వతములపై అట్లే క్రిందికి లాగబడి, ఒక సరస్సు చుట్టు తిరిగి తిరిగి, ఇంధనము తీరగా మంచులో దిగెను; అయిదు దినములు నడచి బ్రదికెను. శవము దొరకనిచో భార్యకు బీమా సొమ్ము చేరుట ఆలస్యమగునను తలంపే పడినవానిని లేపినదట. గాలికి గాలి పేరు పెట్టి, మనుష్యుని మనుష్యునిగా నిలిపిన రచన యిది.

అయినను ఆ రచయితయందు ఒక లోపము లేకపోలేదు. 1931 నాటి ‘రాత్రి విమానయానము’ అను నవలలో పైలట్లను తుపాను రాత్రులలోనికి పంపు అధికారియే ఉదాత్తుడు. తిరిగిరాని వైమానికుని భార్య వచ్చి నిలుచును; ఆమె దుఃఖము సత్యమని ఒప్పుకొనియు గ్రంథము కార్యము పక్షముననే నిలుచును. టపాసంచికంటె ప్రాణము తక్కువయా యని అడుగవలసిన బాధ్యత సంస్కారముగల చదువరికి కలదు. మరలి వచ్చుటయు ధైర్యమే యని ఆ నవల గట్టిగా చెప్పదు. నివేదికకు ఇందుకు విపరీతమైన లోపము: అందు కారణమున్నది, కన్నీరు లేదు. అందుచేతనే అది ఇండ్లలోనికి రాలేదు.

ఇది కొండసీమవారి గొడవ యని డెల్టావారు ఊరకుండరాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగిగారి హెలికాప్టరు కూలినది మన కైకలూరు దాపున కొవ్వాడలంక చేపలచెరువులోనే. నాయకునికి వేళ మించకూడదను తొందర, ‘అయ్యా, ఈపూట వద్దు, మరలుదము’ అనుటకు క్రిందివారికి గల సంకోచము, ఏ సీమయందైనను దిగుగాలికి తోడగునవే. విధి యన్న మాట ఈ సంకోచమును కప్పిపుచ్చును. కుట్ర యన్న మాట దానిని పరులపైకి నెట్టును. ఆ ఆరు నిమిషములను, కారణము విడువక, కరుణ విడువక, ఇంటింట చదువదగిన తెలుగు వచనమున చెప్పగల రచయిత రావలెనని కోరుచున్నాము.