ఆర్డర్ ఫారం, అగ్రిమెంటు: పెళ్లి ఫోటోలకు రెండు కాగితాలు

పెళ్లి ఫోటోల ఒప్పందానికి మన దగ్గర రెండు రకాల కాగితాలు నడుస్తున్నాయి. తెనాలిలోనో జగిత్యాలలోనో స్టూడియో కౌంటర్ మీద నింపే ఆర్డర్ ఫారం ఒకటి. హైదరాబాద్ క్యాండిడ్ ఫోటోగ్రాఫర్లు వాట్సాప్‌లో పంపే ఇంగ్లీషు అగ్రిమెంటు మరొకటి. దీనికి చాలాసార్లు అమెరికా నమూనాయే మాతృక. మొదటిది చిత్తు కాగితం, రెండోదే పద్ధతైనది అనుకుంటాం. పక్కపక్కన పెట్టి చదివితే ఆ మాట సగమే నిలుస్తుంది.

ఆర్డర్ ఫారానికి మన పెళ్లి తెలుసు. అందులో ముహూర్తానికి ఒక గడి ఉంటుంది. ‘శనివారం రాత్రి 1.40, తెల్లవారితే ఆదివారం’ అని రాసుకుంటారు. తేదీ తారుమారయ్యే చోటు సరిగ్గా అదే. అగ్రిమెంటులో తేదీకి ఒక్క గడి, పక్కన ‘ఎనిమిది గంటల కవరేజి’. పొద్దున పెళ్లికూతుర్ని చేయడం, సాయంత్రం ఎదుర్కోలు, అర్ధరాత్రి దాటాక జీలకర్ర బెల్లం, తెల్లారి అప్పగింతలు. ఆ ఎనిమిది గంటలు ఎక్కడ మొదలుపెట్టాలి? ‘మా బృందం తప్ప మరో ఫోటోగ్రాఫర్ ఉండరాదు’ అన్న షరతూ అంతే. ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ చెరో స్టూడియోను తెచ్చుకునే చోట అది మండపం మెట్లు కూడా ఎక్కదు.

ఆల్బమ్ దగ్గర మాత్రం అగ్రిమెంటుదే పైచేయి. ఆర్డర్ ఫారం ఎన్ని షీట్లు, ఏ సైజు అని చెబుతుంది గానీ ఎప్పుడిస్తారో చెప్పదు. ఆలస్యంలో సగం కుటుంబానిదే. ఫోటోలు సెలెక్షన్ చేసి పంపడానికి నెలలు పడుతుంది, ఈలోగా బ్యాలెన్స్ నిలిచిపోతుంది. సెలెక్షన్‌కు గడువు, ఆ తర్వాత ఆల్బమ్‌కు గడువు, రెండూ రాసుకోవడం ఇద్దరికీ మేలు. ‘అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు’ అన్న మాట రెంటిలోనూ ఉంది. కానీ ఎంత రాసుకున్నా అంతా దక్కుతుందని కాదు. 1872 నాటి ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ సమంజసమైన పరిహారాన్నే ఒప్పుకుంటుంది.

అసలు తేడా హక్కుల దగ్గర ఉంది. అమెరికా 1976 కాపీరైట్ చట్టం ప్రకారం సాధారణంగా ఫోటో తీసినవారే హక్కుదారు. అక్కడ ‘కాపీరైట్ ఫోటోగ్రాఫర్‌దే’ అని రాస్తే ఉన్నమాటే మళ్లీ చెప్పినట్టు. మన 1957 చట్టం 17వ సెక్షన్ అందుకు విరుద్ధం. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకూ వీడియోకూ, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. ఆ వాక్యమే ఇక్కడికొస్తే కుటుంబానికి చట్టం ఇచ్చిన హక్కును తీసేసుకుంటుంది. ఏడో పేజీలో, ఇంగ్లీషులో, సంతకం పెట్టే పెద్దాయనకు ఎవరూ చదివి వినిపించకుండా. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. ఆర్డర్ ఫారం ఏమీ అనదు కాబట్టి హక్కు కుటుంబం దగ్గరే ఉంటుంది. అయినా అడగకుండానే పెళ్లికూతురి ఫోటో స్టూడియో అద్దాల్లోకీ ఇన్‌స్టాగ్రామ్‌లోకీ ఎక్కుతుంది.

బ్రిటన్ 1988 చట్టం ఇంకో దారి పట్టింది. హక్కు ఫోటోగ్రాఫర్‌కే ఇచ్చి, సొంత అవసరానికి, ఇంటి అవసరానికి తీయించుకున్న ఫోటోలను బయటపెట్టకుండా ఆపే అధికారం తీయించుకున్నవారికి ఇచ్చింది. తన పనితనం చూపించుకోవడం ఫోటోగ్రాఫర్‌కు బతుకుదెరువు, ఎక్కడ చూపించాలో చెప్పడం కుటుంబం హక్కు. ఆ రెంటికీ చోటిచ్చే ఇలాంటి షరతును మనమూ ఒప్పందంలో రాసుకోవచ్చు.

నా ఓటు ఆర్డర్ ఫారానికే. స్టూడియో మిత్రులారా, దాన్ని తెలుగులోనే ఉంచండి. సెలెక్షన్ గడువు, ఆల్బమ్ గడువు, పెళ్లి వాయిదా పడితే అడ్వాన్స్ సంగతి, ఫోటోలు ఎక్కడెక్కడ పెడతారో, ఈ నాలుగు చేర్చండి. చివరి దానికి డబ్బు కట్టే తండ్రి సంతకం ఒక్కటే చాలదు. పెళ్లికూతురినీ పెళ్లికొడుకునూ విడిగా అడిగి వాళ్ల సంతకాలు తీసుకోండి.