వాయిదాల్లో వచ్చే పాటలు

మొన్న ఆదివారం ఉల్లిపాయలు తరుగుతూ ‘పుష్ప 2’ పాటలు మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన విన్నాను. వచ్చినప్పుడు అలా వినే వీలెక్కడిది? 2024 మే 1న మొదటి పాట, ఆ నెలాఖరుకి ‘సూసేకి’, సినిమాకి నాలుగు రోజుల ముందు, డిసెంబరు 1న ‘పీలింగ్స్’. ఏడు నెలల పాటు వాయిదాలు కట్టి విడిపించుకున్న ఆల్బమ్ అన్నమాట.

కలిపి వింటే గుట్టు తెలిసింది. ఒక్కో పాటా ఒంటరిగా జనంలో పడి నెగ్గుకు రావాలి కదా, అందుకని ప్రతిదీ తలుపు తోసుకునే వస్తుంది. నాలుగో ఉల్లిపాయకల్లా కళ్ల కంటే ముందు చెవులు మండాయి. ‘సూసేకి’ దగ్గర మాత్రం కత్తి ఆగింది. అంత హడావుడిలోనూ శ్రేయా ఘోషాల్ కంగారు పడదు.

‘దేవర’దీ అదే వరస. ‘ఫియర్ సాంగ్’ మూడోసారికే పాతబడింది. ‘చుట్టమల్లే’ ఇంకా పాతబడలేదు. చుట్టానికీ చుట్టేయడానికీ రామజోగయ్య శాస్త్రి వేసిన ముడి ఒకటి, శిల్పారావు గొంతులో ఆ సన్నటి జీర ఒకటి.

కాసెట్ల రోజుల్లో ఇలా ఒక్కో పాటా ఏరుకునే వీలుండేది కాదు. మా వీధి చివర పాటలు ఎక్కించే కొట్టు ఉండేది. అరవై నిమిషాల ఖాళీ కాసెట్టు ఇస్తే, మనమడిగినవి అయిపోగా మిగిలిన జాగాలో కొట్టతను తనకి నచ్చిందేదో పడేసేవాడు. మాటిమాటికీ ముందుకి తిప్పితే టేపు నలుగుతుందని అమ్మ కేకలు. చచ్చినట్టు వినేవాణ్ణి. చివరికి ఆ అడగని పాటలే ఎక్కువ గుర్తున్నాయి.

ఈమధ్య అలా మొత్తం, అదీ విసుగు లేకుండా, విన్నది ‘బలగం’. భీమ్స్ సిసిరోలియో పాటలన్నీ ఒకే ఇంటి వాకిట్లో పుట్టినట్టుంటాయి. ‘ఊరు పల్లెటూరు’ రాసిన కాసర్ల శ్యామ్‌కి జాతీయ అవార్డు వచ్చింది. రాకపోయినా నా లెక్క మారేది కాదు.

అదే భీమ్స్ ‘సంక్రాంతికి వస్తున్నాం’ కోసం రమణ గోగులని మళ్లీ మైకు ముందుకి తెచ్చాడు. ‘తమ్ముడు’, ‘బద్రి’ రోజుల నాటి ఆ గరుకు గొంతు, పక్కన మధుప్రియ. ఊరంతా ‘గోదారి గట్టు’ అంటోంది కదా, నేను మాత్రం అననని భీష్మించాను. రెండు రోజులు ఆగగలిగాను. మూడో రోజు లిఫ్టులో కూనిరాగం తీస్తుంటే, నాలుగో అంతస్తులో ఎక్కిన పాప తర్వాతి ముక్క అందుకుంది.