సన్నని గీత, పాత కళ్లు

ఈ వారం నంద్యాలలో కళ్లద్దాలు మార్పించుకోవడానికి వెళ్తే, కౌంటరు దగ్గరి కుర్రాడు "నంబరు సరిపోయింది పెద్దాయనా, ఇంక ఆ మాత్రం మసక వయసుది" అనేశాడు. ఆ మాట నాకు నచ్చలేదు. వయసు ఎక్కడ పనిచేస్తోందో కూడా చెప్పాలి కదా! ఈ కాలమ్ చాన్నాళ్లుగా చదివేవాళ్లకు నా పాత పాట గుర్తుండే ఉంటుంది: కన్ను వెలుతురును లోపలికి పంపుతుంది, చూసేది మెదడు.

నలభై దాటితే చత్వారం వస్తుందని అందరికీ తెలుసు. కంట్లో కటకం పసుపు తిరగడాన్ని, కంటిపాప చిన్నదవడాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇరవై ఏళ్లప్పుడు రెటీనాకు చేరిన వెలుతురులో అరవై నాటికి దాదాపు మూడో వంతే చేరుతుంది. దీన్ని ఏ నంబరు అద్దమూ తిరిగి తేలేదు.

ఆ పైన మెదడు సంగతి. తల వెనక భాగంలోని చూపు కేంద్రంలో ఒక్కో కణానికి ఒక్కో వాలు గీతంటే పట్టింపు. నిలువు గీతకు పలికేది అడ్డగీతకు పలకదు. ముసలి కోతుల్లో ఆ పట్టింపు సడలిపోతుంది, కణాలు ఏ గీతకైనా పలుకుతాయి, ఏమీ లేనప్పుడు కూడా రొద చేస్తాయి. లెవెంథాల్ బృందం 2003లో 'సైన్స్' పత్రికలో ఇంకో సంగతి చెప్పింది. కణాలను అదుపులో ఉంచే గాబా అనే రసాయనాన్ని అందిస్తే ఆ ముసలి కణాలే మళ్లీ తమ గీతను ఏరుకున్నాయి.

గీత అనగానే నాకు ఆళ్లగడ్డ గుర్తొస్తుంది. చిన్నప్పుడు అహోబిలం పోతూ అక్కడ బస్సు దిగినప్పుడల్లా మా నాయన నన్ను శిల్పుల పాకల దగ్గరికి తీసుకుపోయేవాడు. నల్లరాయి ఉలి తగిలినచోట బూడిదరంగుకు తిరుగుతుంది, నునుపు పెట్టాకే మళ్లీ నలుపు తేలుతుంది. అంటే శిల్పి కనురెప్పను చెక్కేటప్పుడు బూడిదరంగులో బూడిదరంగునే వెతకాలి. తేడా చెప్పేది నీడ ఒక్కటే. పైరెప్ప కింద నూలుపోగంత నీడ పడితే విగ్రహం మనవైపు చూస్తుంది, లోతు కాస్త ఎక్కువైతే ఆ చూపులో కోపం వచ్చేస్తుంది. అక్కడొక పెద్దాయన విగ్రహం ముఖాన్ని పక్కకు తిప్పి, రెప్ప అంచు మీద బొటనవేలు నడిపి, "వెలుతురు పక్కనుంచి రావల్ల, నెత్తిమీంచి వస్తే ఏం కనపడదు నాయనా" అన్నాడు. నిజమే, ఏటవాలు వెలుతురులోనే గాట్లకు నీడలుంటాయి. ఇక విగ్రహానికి కళ్లు తెరిచే నయనోన్మీలనం ప్రతిష్ఠ నాటిది. తెర చాటున, బంగారు సూదితో, అన్నిటికన్నా చివర. అది పెద్ద స్థపతి చేతి పని. అన్నిటికన్నా సన్నని గీత అందరికన్నా పాత కళ్ల వంతుకు వస్తుందన్నమాట.

దీనికి ఊరటగా ఒక మాట రాద్దామనిపించింది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో ఒక వింత కనిపెట్టారు. తెరమీద పెద్దగా, కొట్టొచ్చినట్టు కనిపించే చారలు ఎటు కదులుతున్నాయో కుర్రాళ్లకన్నా పెద్దవాళ్లే త్వరగా పట్టేశారు. ఇంకేం, కుర్రాడు గీతను చూస్తాడు, పెద్దాయన మొత్తం విగ్రహాన్ని చూస్తాడు అనేయొచ్చు. వినడానికి బాగుంటుంది కానీ నేను అనను. పడుచు మెదడు వెనకనున్న విశాలమైన కదలికను అణిచిపెట్టి ముందున్న వస్తువును పైకి తెస్తుంది. వయసుతో ఆ అణిచే పట్టు సడలబట్టే పెద్దవాళ్లు ఆ పరీక్షలో నెగ్గారు. తిరునాళ్ల జనంలో మనవణ్ణి వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు అదే సడలింపు అడ్డమొస్తుంది.

కాబట్టి వయసుకు లేని దివ్యదృష్టిని అంటగట్టొద్దు. అలాగని "వయసుది" అని చేతులు దులుపుకోవడమూ ఒప్పుకోను. శుక్లాల ఆపరేషన్ అయ్యాక లోకమంతా నీలంగా కనిపిస్తుంది, కొన్ని నెలల్లో తెలుపు మళ్లీ తెలుపవుతుంది. కొత్త కటకానికి తగ్గట్టు లెక్కలు సరిచేసుకునేది ఆ ముసలి మెదడే. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో 65 దాటినవాళ్లకు రెండు రోజులు సాధన చేయిస్తే, సాధన లేని కుర్రాళ్లతో సమానంగా చూడగలిగారని 2010లో తేలింది. నేర్చుకునే శక్తి మిగిలే ఉంది. కావలసింది వెలుతురు, వైద్యం.

ఆళ్లగడ్డలో పాకలు నడిపేవాళ్లకు నా మనవి ఇది. నెత్తిమీద ఒక్క ట్యూబులైటు చాలదు, పెద్ద శిల్పి కూర్చునేచోట పక్కనుంచి పడే మంచి దీపం పెట్టించండి, రాతిరవ్వలు తగలకుండా కంటికి అద్దాలివ్వండి. ఇంట్లో పెద్దవాళ్లున్న పిల్లలూ, వాళ్లు మసక అన్న రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో శుక్లాల ఆపరేషన్ ఉచితం.